విదేశీ డ్రోన్లపై నిషేధం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది: విశాఖ నుంచి ఒక పరిశీలన

దుబాయ్ నుంచో సింగపూర్ నుంచో వచ్చే బంధువు చేత చిన్న డ్రోన్ ఒకటి తెప్పించుకోవచ్చా? విశాఖలో పెళ్లి వీడియోలు తీసేవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. సూటిగా చెప్పాలంటే, తెప్పించుకోకూడదు. కేంద్ర వాణిజ్య శాఖ కింద ఎగుమతి దిగుమతుల నిబంధనలు చూసే డీజీఎఫ్‌టీ 2022 ఫిబ్రవరి 9న ఇచ్చిన నోటిఫికేషన్‌తో విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధమైంది. పూర్తిగా తయారైన డ్రోన్ తెచ్చినా, సగం బిగించినది తెచ్చినా, మొత్తం విప్పేసి కిట్‌గా తెచ్చినా అదే నిబంధన. పరిశోధనకు, రక్షణకు, భద్రతా అవసరాలకు మాత్రం మినహాయింపు ఉంది. అదీ ముందుగా అనుమతి తీసుకున్న తర్వాతే. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెచ్చినా దిగుమతి దిగుమతే. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే వస్తువు పోతుంది, పైగా విచారణ.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 250 గ్రాముల లోపు డ్రోన్లను మన నిబంధనలు నానో వర్గంలో పెట్టాయి. వాటిని నడపడానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, ఆ మోడల్‌ను పరీక్షించి ఇచ్చే టైప్ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. చైనా కంపెనీ డీజేఐ తన చిన్న మోడళ్లను సరిగ్గా 249 గ్రాములకు తూచి తయారు చేసేది ఇలాంటి వెసులుబాట్ల కోసమే. కానీ ఆ వెసులుబాటు నడపడానికి సంబంధించినది. దిగుమతి నిషేధానికి బరువుతో సంబంధం లేదు. నడపడానికి అడ్డులేని వస్తువును దేశంలోకి తేవడానికి అడ్డు ఉందన్నమాట. ఒకటి పౌర విమానయాన శాఖ రాసిన నిబంధన, మరొకటి వాణిజ్య శాఖ ఇచ్చిన ఉత్తర్వు. రెండూ వేర్వేరు ఉద్దేశాలతో పుట్టాయి, అందుకే కొనేవాడికి అయోమయం.

2022 నాటి ఉత్తర్వు ఉద్దేశం ప్రధానంగా పరిశ్రమను పెంచడమే. దానికి కొన్ని నెలల ముందు, 2021 సెప్టెంబరులో, దేశంలో డ్రోన్లు, వాటి భాగాలు తయారు చేసేవారికి 120 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించారు. అంతకు ముందు నెలలో డ్రోన్ నిబంధనలు 2021 వచ్చాయి. లైసెన్సులు, ఫారాలు, రుసుములు బాగా తగ్గాయి. ఇక్కడ తయారీ పెరగాలి, బయటి సరుకు ఆగాలి అన్న ఆలోచన ఈ మూడింటినీ కలిపింది. భద్రత మాట లేదని కాదు. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక దళ స్థావరంపై డ్రోన్లతో పేలుడు పదార్థాలు జారవిడిచిన ఘటన అప్పటికి అందరి మనసుల్లో పచ్చిగానే ఉంది. పంజాబ్ సరిహద్దులో మాదకద్రవ్యాలు, ఆయుధాలు డ్రోన్ల మీద వస్తూనే ఉన్నాయి. అయితే సరిహద్దు దాటి వచ్చేవాడు కస్టమ్స్ కౌంటర్ దగ్గర ఆగడు. దిగుమతి నిషేధం ఆపేది చట్టాన్ని పాటించే కొనుగోలుదారుణ్ణే.

అమెరికా చేసినది వేరు

ఈమధ్య వార్తల్లో నలుగుతున్న అమెరికా నిషేధాన్ని మనదానితో కలిపి చూస్తే లెక్క తప్పుతుంది. అక్కడ కథ సైన్యంతో మొదలైంది. 2017 ఆగస్టులో అమెరికా సైన్యం డీజేఐ డ్రోన్లు వాడటం ఆపేయమని తన దళాలకు చెప్పింది. 2020 జనవరిలో అక్కడి అంతర్గత వ్యవహారాల శాఖ అత్యవసర పనులకు తప్ప తన డ్రోన్లను నేలమీదే ఉంచేసింది. అదే ఏడాది డిసెంబరులో వాణిజ్య శాఖ డీజేఐని ఆంక్షల జాబితాలో చేర్చింది. 2022లో రక్షణ శాఖ దాన్ని చైనా సైనిక కంపెనీల జాబితాలో పెట్టింది. కంపెనీ కోర్టుకు వెళ్లింది, 2025 సెప్టెంబరులో ఓడిపోయింది. ఇవేవీ సామాన్యుడు దుకాణంలో డ్రోన్ కొనుక్కోవడాన్ని ఆపలేదు. ప్రభుత్వ డబ్బుతో ఏం కొనాలి, అమెరికా కంపెనీలు డీజేఐకి ఏం అమ్మాలి అన్నదగ్గరే ఆగాయి.

సామాన్యుడి వరకు వచ్చింది రేడియో అనుమతుల దారిలో. డ్రోన్‌కూ రిమోట్‌కూ మధ్య సంకేతాలు నడవాలి కాబట్టి అది రేడియో పరికరం. అమెరికాలో ఏ రేడియో పరికరం అమ్మాలన్నా ఎఫ్‌సీసీ అనే సంస్థ ఆమోదం కావాలి. 2024 డిసెంబరులో వచ్చిన రక్షణ వ్యయ చట్టం ఒక మెలిక పెట్టింది. ఏడాదిలోగా ఏదైనా జాతీయ భద్రతా సంస్థ డీజేఐ, ఆటెల్ అనే రెండు చైనా కంపెనీల ఉత్పత్తులను పరిశీలించి తేల్చకపోతే, అవి వాటంతట అవే ఎఫ్‌సీసీ నిషిద్ధ జాబితాలోకి పోతాయి. మమ్మల్ని పరీక్షించండి అని డీజేఐ లేఖలు రాసింది. ఆ పరిశీలన పూర్తి కాలేదు. గడువు ముగుస్తుండగా, 2025 డిసెంబరు 22న, ఎఫ్‌సీసీ ఇంకా పెద్ద అడుగు వేసింది. ఆ రెండు కంపెనీలతో ఆగకుండా, అమెరికా బయట తయారైన డ్రోన్లన్నిటినీ, వాటి కీలక భాగాలనూ జాబితాలో చేర్చింది. 2026 ఫుట్‌బాల్ ప్రపంచ కప్, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ వంటి సభల భద్రతను కారణాల్లో ఒకటిగా చూపింది.

ఆ ఉత్తర్వు ప్రకారం కొత్త మోడళ్లకు ఆమోదం దొరకదు. ఇప్పటికే ఆమోదం పొందిన మోడళ్లను అమ్మవచ్చు, కొనవచ్చు, ఎగరేయవచ్చు. జనాల చేతుల్లో ఉన్నవాటిని ఎవరూ లాక్కోరు. 2026 జనవరిలో కొన్ని మినహాయింపులు కూడా ఇచ్చారు. రక్షణ శాఖ ముందే పరీక్షించి ఒప్పుకున్న డ్రోన్లు వాటిలో ఉన్నాయి. మనవైపు నుంచి గమనించాల్సింది ఇంకొకటి. విదేశీ అంటే వాళ్లకు మనం కూడా విదేశీయులమే. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో తయారైన డ్రోన్‌కూ అక్కడ అదే తలుపు మూసుకుంది. చైనా సరుకు పోయిన చోటికి భారత్ సరుకు వెళ్లిపోతుందని సంబరపడినవాళ్లు ఆ వాక్యం మరోసారి చదవాలి.

అసలు భయం దేని గురించి

ఈ ఆంక్షల వెనక ఉన్న భయాన్ని కొట్టిపారేయకూడదు, అలాగని కళ్లు మూసుకుని నమ్మనూ కూడదు. డ్రోన్ ఎగిరినంతసేపూ తానెక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో, ఎటు తిరిగిందో, ఎక్కడ లేచి ఎక్కడ దిగిందో రాసుకుంటూ ఉంటుంది. దీన్నే ఫ్లైట్ లాగ్ అంటారు. రిమోట్‌కు తగిలించిన ఫోన్‌లోని యాప్‌కు ఆ వివరాలన్నీ తెలుసు. ఫొటోలు, వీడియోలు మెమొరీ కార్డులోనే ఉండిపోతాయి, మనంతట మనం పంపితే తప్ప. లాగ్ సంగతి అలా కాదు. యాప్‌లో ఖాతా తెరిచి, సింక్ ఆన్ చేసి, ఇంటర్నెట్ కలిపితే అది కంపెనీ సర్వర్‌కు చేరవచ్చు. ఆ సర్వర్ ఏ దేశంలో ఉంది, ఆ దేశపు చట్టం ఏమంటుంది అన్నదగ్గర అసలు చిక్కు వస్తుంది. చైనా 2017లో తెచ్చిన జాతీయ గూఢచర్య చట్టం, అక్కడి సంస్థలు, పౌరులు ప్రభుత్వ గూఢచారి పనికి సహకరించాలని చెబుతుంది. ప్రభుత్వం అడిగితే కంపెనీ కాదనగలదా అన్న సందేహం అందుకే పోదు.

డేటా బయటికి వెళ్లడం ఒక ఎత్తు. సాఫ్ట్‌వేర్ లోపలికి రావడం ఇంకో ఎత్తు, నా దృష్టిలో పెద్ద ఎత్తు. 2020 జులైలో ఫ్రాన్స్‌కు చెందిన సినాక్టివ్, అమెరికాకు చెందిన గ్రిమ్ అనే రెండు భద్రతా సంస్థలు డీజేఐ ఆండ్రాయిడ్ యాప్‌ను విప్పి చూశాయి. ప్లే స్టోర్‌తో పని లేకుండా ఆ యాప్ తనను తాను మార్చుకోగలదని చెప్పాయి. భద్రతా పరిమితులను తప్పించే దొంగ యాప్‌లను అడ్డుకోవడానికే ఆ ఏర్పాటు అని కంపెనీ జవాబిచ్చింది. రెండు మాటలూ నిజం కావచ్చు. ఈ రోజు నమ్మకంగా పనిచేసే డ్రోన్‌ను రేపు ఒక అప్‌డేట్ నేలమీద కూర్చోబెట్టగలదు. ఆ మీట ఎవరి చేతిలో ఉందన్నది అడగాల్సిన ప్రశ్నే.

చైనా ప్రభుత్వానికి డీజేఐ మామూలు వినియోగదారుల డేటా ఇచ్చినట్టు బహిరంగంగా రుజువైంది లేదు. అమెరికా వినియోగదారులు ఫ్లైట్ లాగ్ పంపే సదుపాయాన్నే 2024 జూన్‌లో డీజేఐ ఎత్తేసింది. ఇంటర్నెట్ తెంపేసి నడిపే పద్ధతి కూడా యాప్‌లో ఉంది. ఇవి చాలవని అనొచ్చు. కానీ చాలవని తేల్చేది పరీక్ష. చట్టం ఏడాది గడువిచ్చినా పరీక్ష జరగకుండానే తీర్పు రావడం నాకు సబబుగా అనిపించదు. రేపు ఇదే పద్ధతి మన ఉత్పత్తుల మీద వేరే దేశం ప్రయోగిస్తే మనం ఏమని అడుగుతాం?

విశాఖలో ఈ చర్చ గాలిమాట కాదు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఇక్కడే ఉంది. డాక్‌యార్డు, షిప్‌యార్డు, పోర్టు, మల్కాపురం రిఫైనరీ, ఉక్కు కర్మాగారం అన్నీ ఒకే నగరంలో, చాలావరకు ఒకే చూపులో పడేంత దగ్గరగా ఉన్నాయి. ఇవన్నీ ఉపగ్రహాలు తీసిన చిత్రాల్లో ఎలాగూ కనిపిస్తాయి కదా అనే వాదన వింటుంటాను. ఉపగ్రహం పైనుంచి, తన వేళకు తాను చూస్తుంది. డ్రోన్ పక్కనుంచి, కింది ఎత్తులో, కోరినప్పుడల్లా చూస్తుంది. ఏ ఓడ ఎప్పుడు రేవులో ఉంది, పైన ఏం బిగించారు, గేటు దగ్గర మనుషులు ఎప్పుడు మారతారు అన్నవి అలాంటి చూపుకే దొరుకుతాయి. కనుక ఇక్కడ జాగ్రత్త అవసరమే.

అయితే ఆ జాగ్రత్త డ్రోన్ ఎక్కడ తయారైందన్నదాని మీద ఆధారపడలేదు.

విశాఖ ఆకాశానికి దేశవాళీ, విదేశీ తేడా లేదు

మన విమానాశ్రయం రన్‌వే నౌకాదళానిది. ఐఎన్ఎస్ డేగా అనే నౌకాదళ వైమానిక స్థావరంలో ఒక భాగంగా పౌర టెర్మినల్ నడుస్తోంది. డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే అధికారిక మ్యాప్‌లో పచ్చగా చూపిన చోట, 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయవచ్చు. పనిచేస్తున్న విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ ఎత్తు 200 అడుగులకు తగ్గుతుంది. 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా లేపకూడదు. గోపాలపట్నం, ఎన్ఏడీ కొత్తరోడ్డు, గాజువాక, కంచరపాలెం ఈ ఒక్క లెక్కతోనే అనుమతి పరిధిలోకి వచ్చేస్తాయి.

దీని మీద ఇంకో పొర ఉంది. నౌకాదళం 2021 జులైలో తన స్థావరాలు, ఆస్తుల చుట్టూ 3 కిలోమీటర్ల మేర డ్రోన్లు ఎగరకూడదని ప్రకటించింది. డాల్ఫిన్స్ నోస్, పాత ఊరు, పోర్టు చుట్టుపక్కల ప్రాంతాలు ఎలాగూ ఇందులో పడతాయి. భీమిలి వైపు వెళితే విశాలంగా ఉంటుందనుకునేవాళ్లు అక్కడ ఐఎన్ఎస్ కళింగ ఉందని గుర్తుంచుకోవాలి. ఇవి చాలక, ప్రముఖులు వచ్చినప్పుడో పెద్ద సభలప్పుడో, ఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి 96 గంటలకు మించకుండా తాత్కాలిక రెడ్ జోన్, అంటే డ్రోన్లు ఎగరకూడని ప్రాంతం, ప్రకటించవచ్చు. నౌకాదళ విన్యాసాలు జరిగే నగరం కాబట్టి ఇక్కడ అలాంటి రోజులు మిగతా ఊళ్ల కన్నా ఎక్కువ.

భోగాపురం విమానాశ్రయానికి విమానాలు మారితే నగరం పైన ఆకాశం తెరుచుకుంటుందన్న ఆశ కొందరిలో ఉంది. పౌర విమానాలు వెళ్లిపోయినా డేగా నౌకాదళ స్థావరంగానే ఉంటుంది. పైగా భోగాపురం చుట్టూ కొత్తగా మరో వలయం వస్తుంది. విజయనగరం తీరంలో ఇప్పటిదాకా స్వేచ్ఛగా డ్రోన్ లేపినవాళ్లు కూడా ఎక్కడ ఎగరేయవచ్చో రంగుల్లో చూపే ప్రభుత్వ ఆన్‌లైన్ పటం, డిజిటల్ స్కై మ్యాప్, చూసుకునే రోజు అది.

పూర్తిగా విశాఖలోనే తయారైన డ్రోన్ అయినా బీచ్ రోడ్డులో అనుమతి లేకుండా ఎగిరితే నేరమే. నౌకాదళాన్ని నిజంగా కాపాడుతున్నది ఈ స్థల నిబంధనలు. దిగుమతి నిషేధం చేయగలిగింది ఇందులో స్వల్పం. అందుకే భద్రత పేరుతో దిగుమతి నిషేధాన్ని సమర్థించేవారిని నేనడిగేది ఒకటే: ఆ పని ఏ నిబంధన చేస్తోందో విడదీసి చూపించండి.

పెట్టె మీద ముద్ర, లోపల భాగాలు

2022 నోటిఫికేషన్‌లో అందరూ చదవాల్సిన వాక్యం చివర్లో ఉంది. విడిభాగాల దిగుమతికి ఎలాంటి అనుమతీ అక్కర్లేదు. మోటార్లు, ఫ్లైట్ కంట్రోలర్లు, కెమెరాలు, బ్యాటరీ సెల్స్ యథాప్రకారం వస్తాయి. పిండి పొరుగింట్లో రుబ్బించుకుని అట్టు మన పెనం మీద పోసుకున్నట్టే ఇది. పరిశ్రమ మొదలయ్యేటప్పుడు ఇది తప్పేమీ కాదు, అన్నీ ఒకేసారి ఇక్కడే చేయాలంటే ఎవరూ మొదలుపెట్టరు. కానీ భద్రత లెక్కలో చూస్తే ఫ్లైట్ కంట్రోలరూ రేడియో మాడ్యూలూ డ్రోన్‌కు మెదడు, నోరు వంటివి. అవి ఎక్కడివో అడగకుండా చట్రం ఎక్కడ బిగించారని అడిగితే ఉపయోగం తక్కువ.

ఈ సంగతి సైన్యం ముందే గ్రహించింది. సైనిక డ్రోన్లలో చైనా భాగాలు వాడకూడదని తయారీదారులకు ప్రభుత్వం చెప్పినట్టు 2023లో వార్తలొచ్చాయి. చైనా భాగాలున్నాయన్న కారణంతో 400 డ్రోన్ల కొనుగోలు ఒప్పందాలను సైన్యం రద్దు చేసుకుందని 2025 ఆరంభంలో పత్రికలు రాశాయి. పౌర వినియోగానికి అలాంటి కచ్చితమైన షరతు లేదు. రైతు పొలంలో మందు కొట్టే డ్రోన్‌కు సైనిక ప్రమాణం అక్కర్లేదు, నిజమే. కానీ రిఫైనరీ గొట్టాలను, కరెంటు టవర్లను, పోర్టు క్రేన్లను తనిఖీ చేసే డ్రోన్ సంగతి? దాని లాగ్‌లో ఆ సంస్థ పూర్తి పటం ఉంటుంది. అలాంటి పనికి వాడే డ్రోన్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరు పరీక్షించారో తెలియడం దాని తయారీ దేశం తెలియడం కన్నా ముఖ్యం.

భాగాల దగ్గర ఇంకో చిక్కు చైనా వైపు నుంచి వస్తోంది. ఆ దేశమే 2023 సెప్టెంబరు 1 నుంచి కొన్ని రకాల డ్రోన్లు, వాటి భాగాల ఎగుమతిపై నియంత్రణ పెట్టింది. 2025 ఏప్రిల్‌లో సమేరియం, డిస్ప్రోసియం, టెర్బియం సహా ఏడు అరుదైన లోహాలకు, వాటితో చేసే అయస్కాంతాలకు ఎగుమతి లైసెన్సు తప్పనిసరి చేసింది. డ్రోన్ మోటారు తిరిగేది అయస్కాంతం బలం మీద. సాధారణంగా అందులో నియోడిమియం అయస్కాంతం ఉంటుంది. బయటి డ్రోన్లను మనం ఆపవచ్చు, కానీ బయటి నుంచి అయస్కాంతం ఆగితే మన డ్రోనూ ఆగుతుంది.

ఈ విషయంలో విశాఖకు గట్టి సంబంధం ఉంది, దాని గురించి మన దగ్గర జరగాల్సినంత చర్చ జరగడం లేదు. భీమిలి తీరపు ఇసుకలో మోనజైట్ ఉంది. నియోడిమియం వంటి లోహాలు ఆ ఖనిజంలోనివే. అచ్యుతాపురం దగ్గర భాభా అణు పరిశోధన కేంద్రం ప్రాంగణంలో ఐఆర్‌ఈఎల్ సంస్థ అరుదైన లోహాల అయస్కాంతాల కర్మాగారం పెట్టింది. 2023 మే 11న ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. దాని సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు, చేసేది సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు. అవి ఎక్కువ వేడిని తట్టుకుంటాయి, రక్షణ, అంతరిక్ష రంగాలకు కావాల్సినవి. మార్కెట్లోని డ్రోన్ మోటార్లకు కావాల్సిన నియోడిమియం రకం వేరు, కావాల్సిన పరిమాణం ఎన్నో రెట్లు ఎక్కువ. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాల తయారీ లక్ష్యంతో 7,280 కోట్ల పథకాన్ని ఆమోదించింది. దేశీయ డ్రోన్ అన్న మాటకు నిజమైన బలం దిగుమతి ఉత్తర్వు కన్నా ఇలాంటి చోటే వస్తుంది. అయితే మోనజైట్‌లో రేడియోధార్మిక థోరియం ఉంటుంది, తీరంలో మత్స్యకారుల ఊళ్లుంటాయి. ఇసుక తవ్వేముందు వాళ్ల మాట వినకుండా ముందుకెళితే అది మరో గాయం అవుతుంది.

మధ్యలో నలిగేది ఎవరు

నిషేధం వచ్చేనాటికే డ్రోన్ కొన్నవాళ్లకు ఒక దారి ఇచ్చారు. 2021 నవంబరు 30 నాటికి దేశంలో ఉన్న డ్రోన్లకు, అంతకుముందు తీసుకున్న గుర్తింపు సంఖ్య, జీఎస్టీ కట్టిన బిల్లు వంటివి ఉంటే, రిజిస్టర్ చేసుకునే వీలు కల్పించారు. చాలామంది చిన్న ఫొటోగ్రాఫర్ల దగ్గర అవి లేవు. కొందరు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, కొందరు బిల్లు లేకుండా కొన్నారు. వాళ్ల డ్రోన్లు అటూ ఇటూ కాకుండా మిగిలిపోయాయి. ఆ తర్వాత కొన్నవాళ్ల పరిస్థితి మరీ కష్టం. బజార్లో డీజేఐ మోడళ్లు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. రిజిస్ట్రేషన్ సంఖ్య రాని వస్తువును ప్రతి పెళ్లికీ బిక్కుబిక్కుమంటూ లేపడం, బీచ్‌లో పోలీసు కనిపిస్తే దించేయడం బతుకుతెరువు అనిపించుకోదు. నిబంధనలు ఉల్లంఘిస్తే లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

దేశీయ తయారీ ఎక్కువగా వ్యవసాయం, సర్వే, రక్షణ వైపు వెళ్లింది. అక్కడ ప్రభుత్వం కొంటుంది, సబ్సిడీ ఇస్తుంది. మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకంలో ధరలో 80 శాతం వరకు, గరిష్ఠంగా 8 లక్షలు, కేంద్రమే భరిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు డ్రోన్లు డాబాల మీద చిక్కుకున్నవాళ్లకు ఆహారం, నీళ్లు అందించాయి. ఆ దృశ్యాలు చూసినవాళ్లెవరూ ఈ పరిశ్రమ మనకెందుకని అనరు. ఓర్వకల్లులో డ్రోన్ సిటీ ప్రయత్నం కూడా మంచిదే. కానీ అరకు లోయలో ప్రీ వెడ్డింగ్ షూట్ తీసే కుర్రాడికి కావాల్సింది అరచేతిలో మడిచి పెట్టుకునే, గాలికి ఊగని, మంచి కెమెరా ఉన్న చిన్న డ్రోన్. ఆ వర్గంలో డీజేఐకి సాటి వచ్చే దేశీయ మోడల్ ఇంకా సామాన్యుడి ధరకు రాలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి డ్రోన్లన్నిటిపై జీఎస్టీ 5 శాతానికి తగ్గడం మేలే. కొనడానికి వస్తువే లేనప్పుడు పన్ను తగ్గింపు వాళ్ల దాకా చేరదు.

నా అభిప్రాయంలో చేయదగినవి రెండున్నాయి. దేశంలో ఇప్పటికే తిరుగుతున్న విదేశీ డ్రోన్లకు ఒక చివరి గడువు పెట్టి, పన్ను, జరిమానా కట్టించుకుని, సంఖ్య ఇచ్చి లెక్కలోకి తేవాలి. సంఖ్య లేని డ్రోన్ ఏదైనా తప్పు చేస్తే ఎవరిదో పట్టుకోలేం, కాబట్టి ఇది పోలీసులకూ లాభమే. ఇక దిగుమతి నిషేధాన్ని దేశం పేరు మీద కాకుండా పరీక్ష మీద నిలబెట్టాలి. సర్వర్ ఎక్కడుంది, ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తుందా, అప్‌డేట్‌ను ఎవరు ఆమోదిస్తారు అన్నవి తేల్చి, తప్పినదాన్ని ఆపాలి, నెగ్గినదాన్ని రానివ్వాలి. అదే పరీక్ష దేశీయ డ్రోన్‌కూ పెట్టాలి.

అప్పటిదాకా విశాఖలో డ్రోన్ కొనాలనుకునేవారు డబ్బు చేతులు మారకముందే అమ్మేవాడి దగ్గర మూడు అడగాలి: జీఎస్టీ బిల్లు, 250 గ్రాములు దాటినదైతే టైప్ సర్టిఫికెట్, తమ పేరు మీద రిజిస్ట్రేషన్ సంఖ్య వస్తుందన్న రాతపూర్వక హామీ. వ్యాపారానికి 250 గ్రాములు దాటిన డ్రోన్ నడిపేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసుండి, గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో నేర్చుకుంటే అది వస్తుంది, పదేళ్లు చెల్లుతుంది. ఎగరేసే రోజు ఉదయం డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు రంగు చూసుకోవాలి. ముందు రోజు పచ్చగా ఉన్న చోటు ఆ రోజు ఎర్రగా మారి ఉండవచ్చు.